ముందు అలాంబ్రా టికెట్, తర్వాతే రైలు టికెట్

దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాకు వెళ్లేవాళ్లు ఎక్కువగా మూడు ఊళ్లు చుట్టి వస్తారు: కొర్దోబా, సెవియా, గ్రనాడా. రైళ్లు, హోటళ్లు అన్నీ కుదిరాక, తీరా గ్రనాడాలో అలాంబ్రా కోటకు టికెట్లు అయిపోయాయని తెలిసి తల పట్టుకునేవాళ్లు చాలామంది. అందుకే ఈ ప్రయాణాన్ని తోక వైపు నుంచి కట్టుకురావాలి. (మనం అల్‌హంబ్రా అని రాస్తాం గానీ, స్పానిష్‌లో ఆ ‘హ’ పలకరు.)

తేదీలు తేలగానే కోట అధికారిక సైట్‌లో ‘జనరల్’ టికెట్ తీసుకోండి. నస్రిద్ (గ్రనాడాను ఏలిన చివరి ముస్లిం వంశం) రాజమందిరాలు, అల్కసాబా బురుజులు, హెనరలీఫే తోటలు మూడూ అందులో ఉంటాయి. తోటల టికెట్ చౌకగా కనిపిస్తుంది, చాలామంది అక్కడే పొరబడతారు. దానితో రాజమందిరాల్లోకి రానివ్వరు, అసలు చూడాల్సింది అవే. జనరల్ అయిపోతే రాజమందిరాల రాత్రి సందర్శన టికెట్ చూడండి. అదీ లేకపోతే, కోట ప్రవేశం కలిసివచ్చే ‘గ్రనాడా కార్డ్’ ప్రయత్నించండి.

టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లతో ఇక్కడ చిక్కు వస్తుంది. మామూలుగా వాడే పొట్టి పేరు, ముందో వెనకో ఒక ఇనీషియల్ కుదరవు. పాస్‌పోర్ట్ చూసి అక్షరం పొల్లుపోకుండా నింపండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు డబ్బు కట్టక్కర్లేదు కానీ వాళ్ల పేరున టికెట్ మాత్రం ఉండాలి. లోపల ఒక్కో భాగం దగ్గర మళ్లీ తనిఖీ చేస్తారు కాబట్టి పాస్‌పోర్ట్‌ను హోటల్ లాకర్‌లో వదిలి రావద్దు.

టికెట్ మీద రాసిన సమయం రాజమందిరాలది, కోట గేటుది కాదు. అది దాటితే ఎంత బతిమాలినా లోపలికి పంపరు. తోటల వైపున్న పెద్ద ప్రవేశద్వారం నుంచి రాజమందిరాలకు నడకే పావుగంట, ఇరవై నిమిషాలు. టైమ్ 10:30 అనుకుంటే, 8:30కి లోపలికి వెళ్లి ముందు హెనరలీఫే చూడండి. 9:50కల్లా అక్కడి నుంచి కదిలితే, ఐదో చార్లెస్ ప్యాలెస్ పక్కనున్న క్యూలో తొందర లేకుండా నిలబడొచ్చు. హెనరలీఫే, అల్కసాబా, రాజమందిరాలు, వేటిలోకైనా ఒక్కసారే ప్రవేశం. బయటికొచ్చాక మళ్లీ వెళ్లాలంటే కుదరదు. టికెట్ చేతిలో ఉండి రాజమందిరాలే ముందు చూడాలంటే, ప్లాసా నువేవా నుంచి గోమెరెస్ వీధి ఎక్కి న్యాయద్వారం గుండా వెళ్లడం దగ్గర దారి. ఎత్తు మాత్రం బాగానే ఉంటుంది.

లోపల గోడల్ని కింది నుంచి పైకి చూడండి. నడుము ఎత్తు వరకు రంగుల పలకలు, ఆపైన గచ్చులో చెక్కిన అక్షరాలు, అన్నిటికీ పైన చెక్క కప్పు. రాయబారుల మందిరం కప్పులో 8 వేలకు పైగా చెక్క ముక్కలు ఏడు స్వర్గాలను సూచిస్తూ కూర్చి ఉంటాయి. సింహాల ప్రాంగణంలో పన్నెండు రాతి సింహాలు మోసే తొట్టి అంచున ఇబ్న్ జమ్రక్ కవిత చెక్కి ఉంది. నీరేదో పాలరాయేదో, రెంటిలో పారుతున్నది ఏదో తెలియడం లేదంటాడు కవి. తొట్టి అంచు మీద నీటి పొర మెరిసేటప్పుడు చూస్తే ఆ మాట అతిశయోక్తి అనిపించదు. ఫోటోల హడావిడిలో అందరూ వదిలేసేది ఇదే.

టికెట్ ముందు కొన్నా, ప్రయాణంలో గ్రనాడాను చివరే పెట్టుకోండి. దానికి కారణం ఉంది. సెవియాలోని అల్కాసర్ రాజప్రాసాదంలో క్రైస్తవ రాజు పెద్రో 1360లలో కట్టించిన భవనం అలాంబ్రా శైలిలోనే ఉంటుంది. సింహాల ప్రాంగణం కట్టించిన గ్రనాడా సుల్తాన్ ఐదో ముహమ్మద్ ఆయనకు మిత్రుడు. అలాంబ్రా చూసొచ్చాక అల్కాసర్‌కు వెళితే చప్పగా ఉంటుంది, ముందు చూస్తే రెండూ రుచిస్తాయి. అక్కడా టైమ్ టికెట్ ముందే కొనాలి. పక్కనే కథెడ్రల్, కొలంబస్ సమాధి, హిరాల్దా గోపురం. పన్నెండో శతాబ్దపు మినార్ మీద 1568 నాటికి గంటల అంతస్తు కట్టారు. పైకి మెట్లు కాదు, 35 వాలుదారులు ఉంటాయి, చివర్లో మాత్రం కొన్ని మెట్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కూడా ఆగి ఆగి ఎక్కగలరు.

మొదటి మజిలీ కొర్దోబా. మాడ్రిడ్ నుంచి ఏవీఈ అనే హైస్పీడ్ రైల్లో రెండు గంటల లోపే. స్టేషన్‌లో సామాను స్కాన్ ఉంటుంది కాబట్టి అరగంట ముందు చేరుకోండి. ఆ రాత్రి అక్కడే పడుకోవాలి, ఎందుకంటే సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 8:30 నుంచి 9:30 వరకు మెస్కీతాలోకి (ఒకప్పటి పెద్ద మసీదు, ఇప్పుడు కథెడ్రల్) ప్రవేశం ఉచితం, పైగా గ్రూపులు ఉండవు. పాత రోమన్ స్తంభాలు పొట్టివి కావడంతో కప్పు ఎత్తు పెంచడానికి ఆర్చీ మీద ఆర్చీ కట్టారు. తూర్పు భాగంలో ఆర్చీలను దగ్గరగా చూడండి. అసలైన ఆర్చీల్లో ఎర్ర ఇటుక, తెల్ల రాయి మార్చి మార్చి పేర్చి ఉంటే, తర్వాతి కాలపు పాలకుడు అల్ మన్సూర్ పెంచిన ఈ భాగంలో ఎరుపు ఉత్త రంగు పూతే. కొర్దోబా నుంచి సెవియా రైల్లో ముప్పావుగంట. సెవియా నుంచి గ్రనాడాకు బస్సు సుమారు మూడు గంటలు. కొర్దోబాకు ఒక రాత్రి, మిగతా రెంటికీ రెండేసి రాత్రులు సరిపోతాయి.

జూలై, ఆగస్టుల్లో సెవియా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మనకు ఎండ కొత్తా అనుకోకండి, మధ్యాహ్నం వీధుల్లో నడవలేరు. ఈస్టర్ వారం, ఏప్రిల్ జాతర రోజుల్లో హోటల్ గదులు దొరకవు. అక్టోబర్ మేలు.

భోజనం విషయంలో శాకాహారులు ‘వెహెతరియానో’ అని చెప్పి ఊరుకుంటే చాలదు. కొర్దోబా సాల్మొరేహో అంటే టమాటా, రొట్టె, ఆలివ్ నూనె, వెల్లుల్లి కలిపి రుబ్బిన చల్లటి సూపు. కానీ పైన గుడ్డు, పంది మాంసం తురుము చల్లుతారు. సలాడ్‌లో ట్యూనా చేప వస్తుంది. ‘సిన్ హమోన్, సిన్ అతూన్’ (పంది మాంసం వద్దు, ట్యూనా వద్దు) అని రెండూ చెప్పండి. సెవియాలో పాలకూర, శనగలతో చేసే కూర వెతుక్కోండి. గ్రనాడా బార్లలో డ్రింక్‌తో పాటు చిన్న ప్లేటు ఉచితంగా ఇస్తారు. ఏది పెట్టాలో వాళ్లిష్టం కాబట్టి ప్లేటు వచ్చాక కాదు, డ్రింక్ చెప్పేటప్పుడే ఈ మాట అనేయాలి.