పతారాలో ముందు రాళ్లు, తర్వాతే సముద్రం

టర్కీ దక్షిణ తీరంలోని పతారాకు వెళ్లేవారిలో చాలామంది నేరుగా బీచ్‌కే పోతారు. 18 కిలోమీటర్ల ఇసుక తీరం మరి, వాళ్లను తప్పుపట్టలేం. కానీ ఒకసారి నీళ్లలో దిగి, ఇసుకలో నడుం వాల్చాక పురాతన నగర శిథిలాల వైపు ఎవరికీ కాళ్లు కదలవు. రెండింటికీ టికెట్టు ఒకటే. పొద్దున్నే గేటు దగ్గరికి చేరి ముందు పాత ఊరు చూడండి.

దగ్గరి విమానాశ్రయం దలమాన్. పక్కనున్న కల్కాన్‌లో హోటళ్లు ఎక్కువే గానీ, నేనైతే గెలెమిష్ అనే పల్లెలోనే దిగమంటాను. అక్కడి నుంచి శిథిలాలకు నడిచిపోవచ్చు. శాకాహారులు దిగులుపడక్కర్లేదు: పాలకూరో చీజో పెట్టి పెనం మీద కాల్చే గోజ్లెమె రొట్టె, ఉప్పు వేసిన మజ్జిగ దొరుకుతాయి. ఏప్రిల్, మే, అక్టోబర్ మంచి నెలలు. జులై, ఆగస్టుల్లో వద్దు, చెట్టు నీడ కరువు.

లోపలికి వెళ్తుంటే మొదట మూడు కమానుల ద్వారం వస్తుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో కట్టినది. గోడలోంచి పొడుచుకొచ్చిన రాతి పీటలు చూడండి. వాటిపైన రోమన్ గవర్నర్ మెత్తియుస్ మొదెస్తుస్, ఆయన కుటుంబీకుల ప్రతిమలు ఉండేవట. బొమ్మలు పోయి పీటలు మిగిలాయి.

ఆ తర్వాత స్తంభాల వీధి. నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసినవాణ్ని, నా కళ్లు నేల మీదే ఉంటాయి. భూగర్భజలం పైకి ఊరి, చలికాలపు వానల తర్వాత పరుపురాళ్లు నీట మునిగే ఉంటాయి. వంగి చూస్తే రాళ్ల అతుకుల మధ్య కప్ప పిల్లలు ఈదుతుంటాయి. పక్కనే రెల్లు పెరిగిన చిత్తడి నేల కనిపిస్తుంది కదా, అదే ఒకప్పటి ఓడరేవు. ఇసుక, ఒండ్రు పూడి మూసుకుపోయింది. బైబిల్లో అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం చదివినవారికి పతర పేరు గుర్తుండాలి. పౌలు ఓడ మారింది ఇక్కడే. నీరో కాలంలో, క్రీ.శ. 64-65లో కట్టిన దీపస్తంభం కూడా ఈ రేవుదే. దాని రాళ్లు ఇసుక కింద దొరికాయి.

సభాభవనంలో మెట్ల మీద కాసేపు కూర్చోండి. ఈ ప్రాంతం పాత పేరు లిసియా, ఇక్కడి నగరాల సమాఖ్య సభ జరిగింది ఈ భవనంలోనే. ఆ సమాఖ్యలో 23 నగరాలు ఉండేవని, పెద్దవాటికి మూడు, మధ్యరకానికి రెండు, చిన్నవాటికి ఒక్కో ఓటు ఉండేవని ప్రాచీన గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. పునరుద్ధరణలో వేసిన కొత్త రాయి మరీ తెల్లగా ఉందని ముఖం చిట్లించేవారున్నారు. నాకు అభ్యంతరం లేదు. ఏది పాతదో ఏది కొత్తదో దాచకుండా చెప్తోంది. పక్కనే ఉన్న నాటకశాల చాలాకాలం ఇసుకలోనే కూరుకుపోయి ఉండేది. ఓపిక ఉంటే పైవరుస దాకా ఎక్కండి. చిత్తడి, ఇసుక దిబ్బలు, సముద్రం వరసగా కనిపించి, రేవు ఎలా పూడిందో ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలుస్తుంది.

ఇక బీచ్. అది తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు, ఆ కాలంలో రాత్రిపూట మనుషులను ఉండనివ్వరు. చీకటి పడకముందే బయటపడండి. గుర్తులు పెట్టిన గూళ్ల దగ్గర గొడుగు పాతకండి.

మర్నాడు వీలుంటే కల్కాన్ దగ్గరి దెలిక్కెమెర్‌కు వెళ్లండి. పర్యాటకులు తక్కువ, కానీ నా లెక్కలో పతారా అంతటికీ ఇదే గొప్ప. నగరానికి నీళ్లు తెచ్చే కాలువకు మధ్యలో పల్లం అడ్డొస్తే, పెద్ద పెద్ద రాతిదిమ్మెలకు నడుమ గుండ్రటి రంధ్రం తొలిచి, ఒకదానికొకటి బిగించి గొట్టంగా గోడ మీద పరిచారు. ఒక దిమ్మెకు అంచు ముందుకు పొడుచుకొస్తే, పక్కదానికి అది సరిగ్గా కూర్చునే గాడి ఉంటుంది. నీరు ఒత్తిడితో పల్లంలోకి దిగి అవతలి గట్టుకు ఎక్కేది. మేము కాలువల కింద కట్టే సైఫన్ల సూత్రమే ఇదీ. ఎండెక్కకముందే బయలుదేరండి, గట్టి చెప్పులు వేసుకోండి, తాగునీళ్లు వెంట ఉంచుకోండి.