విదేశాల్లో బైక్ యాత్ర: పోలీసు లంచం అడిగితే ఏం చేయాలి?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి మోటారు సైకిల్ యాత్ర కోసం దేశం దాటేవారిలో కొందరు సొంత బండి మీద నాగపూర్, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దు దాటి నేపాల్ చేరుకుంటారు. మరికొందరు చెన్నై నుంచి విమానంలో థాయిలాండ్‌కో శ్రీలంకకో వెళ్లి అక్కడ బండి అద్దెకు తీసుకుంటారు. పోలీసు ఆపి, ఏదో తప్పు చూపించి, రసీదు మాట ఎత్తకుండా డబ్బు అడిగే పరిస్థితి ఈ ఇద్దరిలో ఎవరికైనా ఎదురుకావచ్చు. అలా అడిగే మొత్తం చాలాసార్లు తప్పు తీవ్రతను బట్టి కాక, ప్రయాణికుడి తొందరను బట్టి నిర్ణయమవుతుంది. సాయంత్రంలోగా ఊరు చేరాలని, రేపు ఉదయమే విమానం ఎక్కాలని కంగారు పడే మనిషి అడిగినంతా ఇచ్చేస్తాడు. అందువల్ల సరైన కాగితాలు ఎంత ముఖ్యమో, చేతిలో ఖాళీ సమయం ఉంచుకోవడమూ అంతే ముఖ్యం. మొత్తం యాత్రలో కనీసం ఒకటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా వదిలేయండి.

ఇంటి దగ్గర చేయవలసినవి

ముందుగా మీ డ్రైవింగ్ లైసెన్సు కార్డు మీద ఎంసీడబ్ల్యూజీ అనే అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి. గేర్ ఉన్న మోటారు సైకిల్ నడిపే అనుమతికి అదే గుర్తు. కారు నడిపే అనుమతి మాత్రమే ఉన్నవారికి అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ వచ్చినా, అందులో మోటారు సైకిళ్లకు సంబంధించిన ‘ఏ’ విభాగంలో ముద్ర పడదు. విదేశంలో పోలీసు ఆ పేజీయే తెరిచి చూస్తాడు. అది ఖాళీగా ఉంటే మీ తప్పు నిజమైన తప్పే, పైగా ప్రమాదం జరిగితే బీమా కూడా వర్తించకపోవచ్చు.

ఈ పర్మిట్‌ను మన రవాణా శాఖ కార్యాలయమే ఇస్తుంది. రుసుము 1000 రూపాయలు, గడువు గరిష్ఠంగా ఒక సంవత్సరం. ఇది 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది కాబట్టి థాయిలాండ్‌లో చెల్లుతుంది కానీ, 1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్లనే గుర్తించే వియత్నాంలో చెల్లదు. శ్రీలంకలోనైతే ఈ పర్మిట్ ఒక్కటే సరిపోదు, అక్కడి అధికారిక ఆమోదం కూడా తీసుకోవాలి. అక్కడ బండి అద్దెకు ఇచ్చేవారు ‘పర్వాలేదు, ఎవరూ అడగరు’ అని చెప్పినా ఆ మాట నమ్మి బయలుదేరకండి.

నేపాల్‌లో మన లైసెన్సు చెల్లుతుంది. అయితే సరిహద్దు దగ్గర బండికి భన్సార్ అనే కస్టమ్స్ రుసుము రోజుల లెక్కన కట్టి, ఆ చీటీని చివరిదాకా భద్రపరచుకోవాలి. కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోవడం అక్కడ మామూలు విషయం కాబట్టి, అనుకున్నదానికంటే రెండు రోజులు అదనంగా కట్టించుకోవడం మేలు. గడువు దాటిన చీటీ చేతిలో ఉన్నప్పుడే బేరం మొదలవుతుంది.

డిజిలాకర్‌లోని పత్రాలు మన దేశంలో పనికొస్తాయి గానీ విదేశీ పోలీసు వాటిని ఒప్పుకోవాలని లేదు. అసలు పత్రాలన్నీ వెంట ఉంచుకుని, ఒక్కోదానికి రెండేసి రంగు నకళ్లు తీయించుకోండి. ఆ రోజు ఖర్చుకు సరిపడే డబ్బు ఒక పర్సులో, మిగిలినది వేరేచోట పెట్టుకోండి.

బండి ఆపినప్పుడు

తనిఖీ అనగానే లంచమని అనుమానించకండి. అలిపిరి దగ్గర సామాను తెరిచి చూపించడం మనకు అలవాటే; అంతే నెమ్మదిగా విదేశంలోనూ నడుచుకోవాలి. పక్కకు తీసి ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకోండి, ఎందుకంటే బండికే వదిలేసిన తాళం పోలీసు చేతికి వెళితే బేరంలో పైచేయి అతనిదవుతుంది. హెల్మెట్, నల్ల కళ్లద్దాలు తీసి, ముఖం కనబడేలా నిలబడి ఆ దేశపు పద్ధతిలో పలకరించండి. ముందుగా నకళ్లు ఇవ్వండి. అసలు పత్రం అడిగితే చూపించండి, అవసరం లేకుండా చేతి నుంచి వదలకండి. గుంపుగా వెళ్లినప్పుడు ఒక్కరే మాట్లాడాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి వాదించడం మన ఊళ్లో చెల్లుతుందేమో గానీ, అక్కడ అది అధికారిని అవమానించినట్లు అవుతుంది. ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టడం కూడా చాలా దేశాల్లో గొడవను పెంచుతుంది.

తప్పు ఏమిటో అడగండి. నిజంగా చేసి ఉంటే ఒప్పుకోండి. ఆ తర్వాత ‘ప్లీజ్ గివ్ మీ ద టికెట్, ఐ విల్ పే ఎట్ ద స్టేషన్’ అని చిన్న మాటల్లో, నెమ్మదిగా చెప్పి ఆగిపోండి. థాయిలాండ్‌లో ఆ జరిమానా చీటీని బై సంగ్ అంటారు. శ్రీలంకలో పోలీసు రాసిన జరిమానాను తపాలా కార్యాలయంలో కట్టే పద్ధతి ఉంది. కాబట్టి చీటీ అడగడం అక్కడ ఎవరికీ వింతగా తోచదు.

ఇక్కడి నుంచి మీరు చేయవలసిన పని ఎదురుచూడటమే. మొత్తం తగ్గించమని బేరమాడకండి. ఆ క్షణంలో జరిమానా కాస్తా లంచమైపోతుంది, దాన్ని మొదలుపెట్టినవారు మీరే అవుతారు. అతను కాసేపు మాట్లాడకపోయినా, స్టేషన్‌లో చాలా ఆలస్యమవుతుందని బెదిరించినా, ‘సరే, వస్తాను’ అనండి. మంచినీళ్లు తాగండి, నీడలో కూర్చోండి. మీరు నిలబడి ఉన్నంతసేపు అతని పనీ ఆగిపోతుంది కనుక, చాలా సందర్భాల్లో పత్రాలు తిరిగి ఇచ్చి పొమ్మంటాడు, లేదా నిజంగానే చీటీ రాస్తాడు. చీటీ రాస్తే కట్టి రసీదు తీసుకోండి.

యూనిఫాం లేని మనిషి పోలీసునని చెప్పినా, పర్సు చూపించమన్నా గుర్తింపు కార్డు అడిగి, మనుషులున్న చోటికి లేదా స్టేషన్‌కు వెళ్లి మాట్లాడదామనండి.

డబ్బు ఇచ్చేయవలసిన సందర్భం

చీకటి పడి, చుట్టూ ఎవరూ లేక, ఎదుటివారి చేతిలో ఆయుధం ఉండి, మాట తీరు ప్రమాదకరంగా అనిపిస్తే అడిగినది ఇచ్చి అక్కడి నుంచి బయటపడండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఇంటి దగ్గర ఎదురుచూసేవారికి కావలసింది మీరు.

వెలుతురు, జనం ఉన్న చోటికి చేరగానే స్థలం, సమయం, బ్యాడ్జి సంఖ్య, పోలీసు వాహనం నంబరు రాసుకుని, పర్యాటక పోలీసులకు ఫోన్ చేయండి: థాయిలాండ్‌లో 1155, నేపాల్‌లో 1144. శ్రీలంకలోనైతే పర్యాటక శాఖ సహాయ నంబరు 1912. మిమ్మల్ని నిర్బంధిస్తే భారత రాయబార కార్యాలయానికి తెలియజేయమని అడగండి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ఆ హక్కు ఇస్తుంది. రాయబార కార్యాలయం నంబరును ఫోన్‌లోనే కాక కాగితం మీద కూడా రాసి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి, ఎందుకంటే అలాంటి సమయంలో ఫోన్ మీ చేతిలో ఉండకపోవచ్చు. ఫిర్యాదు చేయదలచినవారు ఆ దేశంలో ఉండగానే చేసి, దాని నకలు తీసుకుని రావాలి.