జేమర్సన్‌లా బేస్ వాయించాలంటే ముందు ఒక్క వేలు

బేస్ గిటార్ కొత్తగా పట్టినవాళ్లకు నేను ముందు చెప్పేది జేమ్స్ జేమర్సన్ పేరే. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు ఆయన కుడిచేతి చూపుడువేలొక్కదానితోనే తీగ మీటేవాడు. మీరూ అలాగే మొదలుపెట్టండి. బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చండి. మోత సాగకుండా, స్వరం ‘దుబ్’మని ఆగాలి.

1971 నాటి మార్విన్ గే పాట ‘వాట్స్ గోయింగ్ ఆన్’ హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని, అందులో జేమర్సన్ వాయించిన బేస్ ఒక్కటీ నోటితో పాడండి. నోటికొచ్చాకే గిటార్ ముట్టుకోండి. నాకు రెండు వారాలు పట్టింది, ఒక్క రోజూ వృథా కాలేదు.

తర్వాత మరో బేస్ వాద్యకారుడు లారీ గ్రాహమ్ పద్ధతి. బొటనవేలితో తీగను కొట్టాలి, చూపుడువేలితో లాగి వదలాలి. అమ్మతో కలిసి వాయించే రోజుల్లో డ్రమ్మర్ లేని లోటు పూడ్చడానికి ఆయన పట్టుకున్న పద్ధతి ఇది. జాకో పాస్టోరియస్ వాయించిన ఫ్రెట్‌లెస్ (మెట్లు లేని బేస్) జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, ముందు చెవి కుదరనివ్వండి.