చిన్న మిడిల్ స్కూల్ గణాంకాలు చూసేటప్పుడు ఏం గమనించాలి

అమెరికాలో సిటీ మధ్యలో ఉండే చిన్న మిడిల్ స్కూల్లో పిల్లల్ని చేర్చే ముందు మనవాళ్ళు చాలామంది రేటింగ్ చూసి ఆగిపోతారు. అంతకంటే ముందు చూడాల్సినవి అక్కడ ఎవరెవరు చదువుతున్నారు, ఎంతమంది చదువు చెబుతున్నారు అన్నవి. ఎన్‌సీఈఎస్ (అమెరికా ప్రభుత్వ విద్యా గణాంకాల సంస్థ) వెబ్‌సైట్లో స్కూల్ పేరు కొడితే ఈ వివరాలు వస్తాయి, రాష్ట్రం ఏటా ఇచ్చే స్కూల్ రిపోర్ట్ కార్డు కూడా తీసి పక్కన పెట్టుకోండి.

ముందు టీచర్ల సంగతి. స్టూడెంట్-టీచర్ రేషియో 15 అని ఉంటే క్లాసులో 15 మందే ఉంటారనుకోవద్దు. 240 మంది పిల్లలు, 16 మంది టీచర్లు అనుకుందాం. అందులో నలుగురు స్పెషల్ ఎడ్యుకేషన్, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లల కోసం ఉంటే మిగిలింది 12 మంది, వాళ్ళు ఏడు పీరియడ్లలో ఐదే చెబుతారు కానీ పిల్లలు మాత్రం ఏడింటిలోనూ కూర్చోవాలి కదా, అలా లెక్క వేస్తే సగటున క్లాసుకి 28 మంది తేలతారు. మా అమ్మాయి కోసం చూసిన ఒక స్కూల్లో నేను సైన్స్ గదిలోకి వెళ్ళి కుర్చీలు లెక్కపెట్టాను. కాగితం మీద 15, గదిలో 30 కుర్చీలు, ఒక్కో మైక్రోస్కోప్ ముందు మూడేసి స్టూళ్ళు. ఆ రోజు నుంచి నేను రేషియో అడగడం మానేసి ఆరో క్లాస్ లెక్కల సెక్షన్‌లో ఎంతమంది అని అడుగుతున్నాను.

టీచర్ల వివరాల్లో ఎఫ్‌టీఈ (ఫుల్‌టైమ్ ఈక్వివలెంట్) అని కనిపిస్తే అది మనుషుల సంఖ్య కాదు, పని సమయం. 1 అంటే వారమంతా, 0.4 అంటే వారానికి రెండు రోజులు. చిన్న స్కూళ్ళలో నర్సు, మ్యూజిక్ టీచర్, కౌన్సెలర్ ఇలాగే రెండు మూడు స్కూళ్ళ మధ్య తిరుగుతుంటారు. ఏ రోజుల్లో ఉంటారో అడగండి, పిల్లకి ఆస్తమా ఉంటే ఇది చాలా ముఖ్యం.

పిల్లల వివరాల్లో శాతాలు కాదు, తలలు లెక్కపెట్టండి. 240 మందిలో 5 శాతం ఆసియన్ అంటే 12 మంది, రెండు కుటుంబాలు ఇల్లు మారితే ఆ అంకె మారిపోతుంది. పైగా ఆ గడిలో మన పిల్లలు, చైనీస్, వియత్నామీస్ పిల్లలు అందరూ కలిసే ఉంటారు. గుంపు మరీ చిన్నదైతే పరీక్ష ఫలితాల దగ్గర అంకె బదులు స్టార్ గుర్తు ఉంటుంది, అది పిల్లల వివరాలు బయటపడకుండా దాచడమే, అనుమానించాల్సిన పని లేదు.

ఫ్రీ లంచ్ 100 శాతం అని చూసి కంగారు పడకండి. ఒక ఫెడరల్ పథకం కింద అర్హత ఉన్న స్కూళ్ళు దరఖాస్తులు లేకుండా అందరికీ ఉచితంగా భోజనం పెట్టొచ్చు, ప్రభుత్వ సాయం పొందే కుటుంబాల పిల్లలు కనీసం ఇంత శాతం ఉండాలన్న ఆ అర్హతను 2023లో 40 నుంచి 25 శాతానికి తగ్గించారు. అంటే ఆ అంకెను బట్టి పేద కుటుంబాలెన్నో చెప్పలేం.

చివరగా ప్రిన్సిపాల్‌ని కలిసినప్పుడు పోయినేడాది ఎంతమంది టీచర్లు మానేశారు, ఇప్పుడు ఏ క్లాస్ లాంగ్‌టర్మ్ సబ్‌తో (రెగ్యులర్ టీచర్ లేనప్పుడు ఎక్కువ కాలం పెట్టే తాత్కాలిక టీచర్‌తో) నడుస్తోంది అని మొహమాటపడకుండా అడగండి. 12 మందిలో ముగ్గురు వెళ్ళిపోతే పావు వంతు పోయినట్టే, ఒక సబ్జెక్టుకి ఒక్కరే ఉన్న చోట ఆ సబ్జెక్టు మొత్తం పోయినట్టు.