శ్రావణం రిజిస్ట్రేషన్లకు ముందు: ఆ 'చిన్న పేపరు' మీద సంతకం జాగ్రత్త

ఆషాఢం అయిపోతోంది. శ్రావణం రాగానే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల దగ్గర నిలబడ్డానికి చోటుండదు. ఆ హడావుడిలోనే బిల్డర్లు "తేదీ మార్పు అంతేనండీ" అంటూ సప్లిమెంటరీ అగ్రిమెంట్ చేతిలో పెడతారు. అసలు అగ్రిమెంట్‌లో మార్పుల కోసం తర్వాత రాసుకునే అనుబంధ ఒప్పందం అది. విశాఖ మధురవాడలో ఫ్లాట్ కొన్న మా పక్కింటి అన్నయ్యగారు పోయిన వారం అలాగే సంతకం పెట్టి వచ్చారు.

ఆయన పేపరు చూశాను. ఒకటిన్నర పేజీ. మొదటి పేరాలో అప్పగింత గడువు ఏడాది పొడిగింపు. సంతకాలకు సరిగ్గా పైన ఒక్క వాక్యం: "ఇంతకుముందు రాసుకున్న షరతులన్నింటి బదులు ఈ ఒప్పందమే అమలులో ఉండును." ఆలస్యమైతే నెలనెలా అద్దె ఇస్తానన్న బిల్డరు మాట, కారు పార్కింగ్ నంబరు అసలు అగ్రిమెంట్‌లో ఉన్నాయి. ఆ వాక్యంతో రెండూ పోయినట్టే. అసలు అగ్రిమెంటేమో ఇంట్లో బీరువాలో ఉంది. మొదటి కాగితం పక్కన లేకుండా రెండోదాని మీద సంతకం పెట్టడం, తప్పంతా అదే. ఇలా దెబ్బతిన్నవాళ్ళని చాలామందిని చూశాను.

అనుబంధ ఒప్పందం ముట్టుకోని పాత షరతు అలాగే ఉంటుంది. ముట్టుకున్న చోట కొత్త మాటే చెల్లుతుంది. మొత్తం పాతదాని బదులే కొత్తది రాసుకుంటే, 1872 కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం పాతదాన్ని ఎవరూ నెరవేర్చక్కర్లేదు. అందుకే "ఇక్కడ మార్చినవి తప్ప మిగతా షరతులన్నీ యథాతథం" అన్న వాక్యం లేకపోతే సంతకం పెట్టొద్దు.

తేదీ కూడా చిన్న విషయం కాదు. ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకున్న రెరా (రియల్ ఎస్టేట్) చట్టం 18వ సెక్షన్ కింద ఆలస్యానికి వడ్డీ అడిగినా, డబ్బు వెనక్కి అడిగినా, ఒప్పందంలోని తేదీయే ఆధారం. దాన్ని మీరే ముందుకు జరిపితే మీ హక్కు కూడా అంత ఆలస్యంగా వస్తుంది. గడువు ఇస్తున్నందుకు బదులేమిస్తారో అడిగి రాయించుకోండి.

అసలుది రిజిస్టర్ అయితే అనుబంధమూ రిజిస్టర్ చేయించండి, నోటిమాటతో అది మారదు. అపార్ట్‌మెంట్ మొత్తం ప్లాను మార్చాలంటే కొన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, మీ ఒక్క సంతకం చాలదు. అసలు అగ్రిమెంట్ తేదీ, డాక్యుమెంట్ నంబరు రాయించండి. మారే షరతు నంబరు, పాత మాట, కొత్త మాట రెండూ ఉండాలి. భార్యాభర్తలిద్దరి పేరా? ఇద్దరూ సంతకం పెట్టండి. ఖాళీలు వదిలిన పేపరు వద్దు. లోను ఉంటే ముందే బ్యాంకుకి చూపించండి. బిల్డరు ఆఫీసులో కూర్చుని చదవొద్దు. ఇంటికి తెచ్చుకోండి. బీరువా తీయండి. మొదటి అగ్రిమెంట్ పక్కన పెట్టుకుని, షరతు షరతుకీ వేలు పెట్టి చదవండి. ఇప్పుడే సంతకం కావాలంటే లేచి వచ్చేయండి.