వానలు పడకముందే సిద్ధం కండి: ట్రయల్‌లో ఉన్న నాన్నను చూసుకునేవారికి

ఆంధ్ర సరిహద్దులో ఒడిశా వైపున్న మా పర్లాకిమిడిలో ఆషాఢం వచ్చిందంటే ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు దుప్పటి కప్పుకొని మూలుగుతుంటారు. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో వానాకాలపు జ్వరానికి మేము పెట్టుకున్న మొదటి పేరు మలేరియా. రెండు మాత్రలు, ఒక గ్లాసు కషాయం, మూడు రోజుల పడక. తరతరాల అలవాటు. ఆ అలవాటే మా నాన్న ప్రాణం మీదికి తెచ్చింది. అందుకే, ఇంట్లో క్యాన్సర్ మందుల ట్రయల్‌లో, అంటే కొత్త మందును మనుషులకు ఇచ్చి పరీక్షించే అధ్యయనంలో, ఉన్న మనిషి ఉంటే, తొలకరికి ముందే ఏమేం చేసి పెట్టుకోవాలో రాస్తున్నాను.

నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. విశాఖలోని ఒక ఆసుపత్రిలో ఫేజ్ 3 ట్రయల్‌లో చేరారు. మూడు వారాలకోసారి కీమో, దాంతోపాటు ఇంకో సీసా. ఆ సీసాలో ఉన్నది కొత్త ఇమ్యూనోథెరపీ మందో (ఒంటి రక్షణ వ్యవస్థనే క్యాన్సర్ మీదికి లేపే మందు), ఉత్తి సెలైనో మాకూ తెలియదు, ఎక్కించే డాక్టరుకూ తెలియదు. ట్రయల్ పద్ధతే అది.

రెండో విడత కీమో అయిన తొమ్మిదో రోజు. రాత్రి ఎనిమిదింటికి నాన్న అరుగు మీద నుంచి చేతులు ముడుచుకొని లోపలికి వచ్చి ఫ్యాను ఆపమన్నారు. థర్మామీటర్ పెడితే 101. దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే రక్తం చూడకుండానే మలేరియా మాత్రలు, పారాసెటమాల్ ఇచ్చారు. ఇంటికి వచ్చేసరికి పిన్ని నేలవేము కషాయం కాచి ఉంచింది. పదింటికి చెమట పట్టి జ్వరం దిగింది. హమ్మయ్య అనుకొని అందరం పడుకున్నాం. నాలుగింటికి నీళ్ళు ఇద్దామని లేపితే నాన్న మాట ముద్దగా వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయి. నుదురు మాత్రం మామూలుగానే ఉంది. ట్రయల్ వాళ్ళు ఇచ్చిన ఫోను నంబరున్న కార్డు బీరువాలో, ఫైలు అడుగున, ఇంటి పన్ను రసీదుల కింద ఉంది. దాన్ని వెతకడానికే ఇరవై నిమిషాలు పట్టింది.

ఆ రోజు నాన్న తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ సంఖ్య రెండు వందలు. పదిహేను వందలకు తగ్గకుండా ఉండాల్సినవి. కీమో తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా చాలామందికి ఈ కణాలు బాగా పడిపోతాయి. అవి లేనప్పుడు ఒంట్లో సూక్ష్మజీవి దూరినా చీము పట్టదు, వాపు రాదు, గొంతు కూడా ఎర్రబడకపోవచ్చు. ఒంటికి మిగిలిన ఒకే ఒక్క గుర్తు జ్వరం. పారాసెటమాల్ వేసి మేము ఆ గుర్తును కూడా చెరిపేశాం. జబ్బు మాత్రం లోపల తన పని తాను చేసుకుపోయింది.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇది. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ముందు ట్రయల్ నంబరుకు ఫోను చేయాలి, ఆ తర్వాతే మందు. వెంటనే బయలుదేరాలి. ఇలాంటి జ్వరానికి ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలంటారు. తెల్లవారాక చూద్దాం అనుకునే వ్యవధి లేదు. జ్వరం లేకపోయినా వణుకు, అయోమయం, ఆయాసం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపిస్తే అదే తొందర.

మలేరియాను కొట్టిపారేయమని నేను చెప్పడం లేదు. ఈ జిల్లాల్లో ఉంటూ అలా అనలేం. రెండూ ఒకేసారి ఉండవచ్చు కూడా. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్‌తో వేలి చివర చుక్క రక్తం తీసి పావుగంట, ఇరవై నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ పరీక్ష కోసం ప్రయాణం ఆపకండి, పరీక్ష లేకుండా మలేరియా మాత్ర వేయకండి. మలేరియాకు ఇచ్చే కొన్ని మందులు, వాంతులకు వాడే ఒండాన్సెట్రాన్, యాంటీబయాటిక్ అజిత్రోమైసిన్ వంటివి గుండె లయను దెబ్బతీయవచ్చు. కొన్ని క్యాన్సర్ మందులూ అంతే. రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పగలిగింది ట్రయల్ డాక్టరు ఒక్కరే. మాకు ఆ తెల్లవారుజామున ఫోనులో వచ్చిన మొదటి ప్రశ్న, ‘ఏ మాత్ర వేశారు, ఎన్ని గంటలకు?’ అని. స్ట్రిప్పు నా చేతిలో ఉంది గనక చెప్పగలిగాను.

ఆ ఫోనులోనే ట్రయల్ కోఆర్డినేటర్ ఇంకో మాట అన్నారు. ‘విశాఖ దాకా రాకండి, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళండి, అక్కడి డాక్టరుతో నేను మాట్లాడతాను.’ మేమైతే నాలుగు గంటలు ప్రయాణం చేసి విశాఖే వెళ్దామనుకున్నాం. ట్రయల్ ఎక్కడ జరుగుతుంటే అక్కడికే పోవాలన్నది మా భ్రమ. దగ్గర్లో చికిత్స మొదలుపెట్టించి, కాస్త నిలదొక్కుకున్నాక తరలించడమే క్షేమం.

ఆ దగ్గరి ఆసుపత్రి ఏదో వానలకు ముందే వెళ్ళి చూసి రావాలి. రాత్రిపూట రక్తకణాల లెక్క చేస్తారా, నరంలోకి ఇచ్చే యాంటీబయాటిక్ నిల్వ ఉంటుందా, ఐసీయూలో మంచాలు ఉన్నాయా అని అడగండి. సరిహద్దులో ఉన్నవాళ్ళు అటొకటి ఇటొకటి చూసి పెట్టుకోవాలి. మాకు పాతపట్నం దాటి టెక్కలి మీదుగా హైవే ఎక్కడం ఒక దారి, బరంపురం వైపు ఇంకో దారి. మహేంద్రతనయ నది పొంగినా, వంశధారకు వరద వచ్చినా ఒక దారి మూసుకుపోవచ్చు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగి, కరెంటు పోయి, ఊళ్ళకు ఊళ్ళే తెగిపోయాయి. అందుకే కీమో తేదీకి తుపాను హెచ్చరిక కలిసిందంటే ఒకరోజు ముందే విశాఖ చేరి, బంధువుల ఇంట్లోనో సత్రంలోనో ఉండటం మంచిది. 108కి ఫోను చేసినా అది సాధారణంగా మనల్ని దగ్గరి ఆసుపత్రికే చేరుస్తుంది గానీ, రాష్ట్రం దాటించి విశాఖలో దించుతుందని నమ్ముకోకండి. అర్ధరాత్రి లేపినా వచ్చే కారు డ్రైవరు నంబర్లు రెండు దగ్గర పెట్టుకోండి.

ట్రయల్ బృందం దగ్గర ఒక ఉత్తరం అడిగి తీసుకోండి. జబ్బు పేరు, ట్రయల్ పేరు, ఇస్తున్న మందులు, రావచ్చునని తెలిసిన దుష్ఫలితాలు, ఇవ్వకూడని మందులు, ఇరవై నాలుగు గంటలూ పలికే నంబరు అందులో ఉండాలి. మన దగ్గర అత్యవసర విభాగంలో ఉండే కుర్ర డాక్టరుకు మన తెలుగు రాకపోవచ్చు, మన కంగారులో ఒడియా మనకూ సరిగా రాదు. ఆ కాగితం మాట్లాడుతుంది. నకళ్ళు నాలుగు తీసి ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. అవసరం పడితే, ఇస్తున్నది అసలు మందో కాదో తెలిపే రహస్య సంకేతాన్ని కూడా విప్పి డాక్టరుకు చెప్పే ఏర్పాటు ఇలాంటి ట్రయల్స్‌లో ఉంటుంది. మందులు ఇంటికిచ్చే ట్రయల్ అయితే వాటిని ఏ వేడిలో ఉంచాలో, కరెంటు పోతే ఏం చేయాలో, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలో అడిగి రాసుకోండి. మరిచిన మాత్రకు బదులు రెండు వేయకండి. ఖాళీ స్ట్రిప్పులు పారేయకండి, అవీ లెక్కలోకి వస్తాయి.

ఇక అసలు కష్టమైన జాగ్రత్త గురించి. నాన్నకు ఆ జ్వరానికి రెండు రోజుల ముందు నుంచే ఒళ్ళు వెచ్చగా ఉందట, నోట్లో పుళ్ళు కూడా. మాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఆసుపత్రి మంచం పక్కన కూర్చొని అడిగితే చాలాసేపు గోడవైపు చూసి, ‘ట్రయల్ నుంచి తీసేస్తారేమోనమ్మా’ అన్నారు. ముప్పై నాలుగేళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. పరీక్షలో తప్పినట్టు భయపడ్డారు. నాన్నలు చాలామంది ఇలాగే దాస్తారు. కొందరు భయంతో, కొందరు మనకు ఖర్చనీ సెలవనీ. కాబట్టి మనమే ముందుగా కూర్చోబెట్టి చెప్పాలి. ఇబ్బంది చెప్పినంత మాత్రాన తీసేయరు. ఒక విడత ఆపుతారు, మోతాదు తగ్గిస్తారు, విరుగుడు మందు ఇస్తారు. చివరికి ఆపేయాల్సి వచ్చినా అది ప్రాణం కాపాడటానికే. ఈ మాట మా నాన్న నా నోట వింటే నమ్మలేదు. ట్రయల్ డాక్టరు చేత చెప్పించాను, అప్పుడు నమ్మారు.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. పాత నోటుబుక్కులో ప్రతి ఉదయం, సాయంత్రం నాన్నే రాస్తారు: జ్వరం ఎంత, ఎన్నిసార్లు విరేచనం, దగ్గు ఉందా, ఏం తిన్నారు. ‘ఎలా ఉంది నాన్నా’ అంటే ‘బాగానే ఉంది’ అనే మనిషి, గళ్ళు గీసి ఇస్తే అంకెలు నిజాయితీగా నింపారు. నాలుగో నెలలో ఆ పుస్తకమే మాకు పెద్ద సాయం చేసింది. విరేచనాల గడిలో రెండు, మూడు, తర్వాత ఆరు అని పడింది. వానాకాలం, నీళ్ళు మారాయి, ఓఆర్‌ఎస్ తాగితే తగ్గుతుంది అనుకునేవాళ్ళమే. కానీ ఇమ్యూనోథెరపీ మందు ఒంటి రక్షణ వ్యవస్థను తట్టిలేపుతుంది, లేచిన ఆ వ్యవస్థ ఒక్కోసారి మన పేగుల మీదికి, ఊపిరితిత్తుల మీదికి, కాలేయం మీదికి, థైరాయిడ్ మీదికే తిరగబడుతుంది. మామూలుకన్నా నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలైతే, రక్తమో జిగటో పడితే, కొత్తగా పొడిదగ్గు, ఆయాసం మొదలైతే విరేచనాల మాత్ర, దగ్గు సిరప్ కొని వేయకుండా ఫోను చేయాలి. దీనికి మందు యాంటీబయాటిక్ కాదు, చాలాసార్లు స్టెరాయిడ్లు. నాన్నకు అవే ఇచ్చారు. పేగులు కుదుటపడ్డాయి, చక్కెర మాత్రం మూడు వందలు దాటింది. మధుమేహం ఉన్నవాళ్ళ ఇంట్లో గ్లూకోమీటర్ అప్పుడు తప్పనిసరి. స్టెరాయిడ్లను మనంతట మనం ఆపకూడదు, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

తిండి గురించి మా వాళ్ళందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, కాబట్టి పొడిగా చెబుతాను. కణాలు తగ్గే రోజుల్లో చద్దన్నం, పఖాళ (ఒడియా వాళ్ళ నీళ్ళన్నం), బండి మీద చాట్ వద్దు. అప్పుడే వండింది, కాచి చల్లార్చిన నీళ్ళు. నేలవేము, తిప్పతీగ, ఎవరో పంపిన పసరు, ఏదైనా ట్రయల్ వాళ్ళకు చెప్పకుండా ఇవ్వకండి. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్నవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. కాలేయ పరీక్షలో అంకె పెరిగితే అది ట్రయల్ మందు వల్లో కషాయం వల్లో డాక్టరుకు అంతుపట్టదు, మందు ఆపేయాల్సి రావచ్చు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే పంపర పనస కూడా కొన్ని క్యాన్సర్ మాత్రలు రక్తంలో పేరుకునేలా చేస్తుంది. తినవచ్చో లేదో అడిగి చూడండి. దోమతెర కట్టండి. పిన్నికి కోపం వచ్చింది, అయినా కషాయం ఆపేశాం.

సమ్మతి పత్రం మీద నాన్న సంతకం పెట్టిన రోజు నేను పక్కన లేను. తర్వాత చదివితే ఆ తెలుగు నాకే అర్థం కాలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం జీవితాన్ని ధారపోసింది మా ఊళ్ళోనే. ఆ ఊరి బడిపంతులికి అర్థం కాని తెలుగులో అతని ప్రాణానికి సంబంధించిన కాగితం ఇవ్వడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. అర్థమయ్యే భాషలో విడమరిచి చెప్పించుకోవడం మీ హక్కు. చదవలేని మనిషైతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఉండాలి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ట్రయల్‌లో మనిషికి హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి. అది ట్రయల్ వల్లే అని తేలితే నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినంత తీవ్రమైన ఇబ్బంది ఏదైనా సరే, ట్రయల్ డాక్టరు ఇరవై నాలుగు గంటల్లో ప్రభుత్వ నియంత్రణ అధికారికి, ట్రయల్ నడిపించే స్పాన్సరుకు, పాల్గొనేవాళ్ళ క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. వేరే ఆసుపత్రిలో చేరితే ఆ సంగతి వాళ్ళకు తెలిసేది మన ద్వారానే. కాబట్టి బిల్లులు, డిశ్చార్జి కాగితం, రక్తపరీక్షలు అన్నీ దాచండి. ఎథిక్స్ కమిటీ ఫోను నంబరు సమ్మతి పత్రంలోనే ఉంటుంది. ప్రయాణ ఖర్చు ఇస్తారో లేదో మొదటే అడగండి. ట్రయల్ అసలు నమోదైందా అన్నది సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ జాబితాలో ఎవరైనా చూడవచ్చు.

జ్వరం తర్వాత తమ్ముడు ‘ఇక చాలు, మానిపిద్దాం’ అన్నాడు. నేను కొనసాగిద్దామన్నాను. వసారాలో మా ఇద్దరి మధ్య మాట పెరిగింది. లోపల నాన్న వింటున్నారని తర్వాత తెలిసింది. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానైనా ట్రయల్ నుంచి బయటికి రావచ్చు, వచ్చాక మామూలు వైద్యం ఆగదు. అయితే ఆ నిర్ణయం ఆయనది. మనం చేయగలిగింది డాక్టరుతో తీరిగ్గా మాట్లాడే సమయం ఆయనకు కల్పించడం. ఆయన ఉంటానన్నారు. కొడుకులైనా కూతుళ్ళైనా ఒక్కరే రాత్రులన్నీ మేలుకోకండి. వంతులు వేసుకోండి, వంతులో ఉన్నవాళ్ళకు ఆ నోటుబుక్కు, కార్డు, ఫోను ఛార్జరు అప్పజెప్పండి.

నాన్న ట్రయల్ మందు నిరుడు మాఘంలో ఆగిపోయింది. ఇమ్యూనోథెరపీ దుష్ఫలితాలు మందు ఆపాక నెలల తర్వాత కూడా బయటపడవచ్చన్నారు. అందుకని కార్డు బీరువాలోకి తిరిగి వెళ్ళలేదు. చొక్కా ఉతకడానికి వేసేటప్పుడు నాన్నే జేబులోంచి తీసి, ఇంకో చొక్కా జేబులో పెట్టుకుంటున్నారు. తలుపు వెనక సున్నం గోడ మీద ఆ నంబరు పెద్ద అంకెల్లో రాసి ఉంది. ఈ ఏడు సున్నం వేయించినప్పుడు ఆ మేరకు వదిలేయించాం.