రెడ్ లిస్ట్‌లో ఒక జీవి పరిస్థితి ఎలా చూడాలి

ఫలానా జంతువు అంతరించిపోతోందని వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చిందనుకోండి, నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. ప్రకృతి సంరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్, ఏ జీవికి అంతరించే ముప్పు ఎంతుందో కేటగిరీలుగా చెప్పే రెడ్ లిస్ట్ అనే జాబితా పెడుతుంది. దాని వెబ్‌సైట్‌కి వెళ్లి వెతకడమే, పైసా ఖర్చు లేదు. అయితే కేటగిరీ ఒక్కటి చూసి పేజీ మూసేస్తే సగం సంగతి తెలియదు.

ముందు శాస్త్రీయ నామంతో వెతకండి. జెయింట్ క్లామ్ అంటే ఒక్కటే అనుకుంటాం గానీ ఆ పేరుతో డజను దాకా ఆల్చిప్ప జాతులున్నాయి, అన్నిటి పరిస్థితీ ఒకేలా లేదు. మీటరు దాటి, 200 కిలోల పైగా పెరిగే అసలు రాకాసి ఆల్చిప్ప ట్రైడాక్నా జైగాస్.

పేజీ తెరిచాక అంచనా వేసిన సంవత్సరం చూడండి, నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యం ఇదే. జైగాస్‌ని 1996లో వల్నరబుల్‌ అన్నారు, అంటే ముప్పున్న జీవుల్లో మొదటి మెట్టు. మళ్లీ 2024లో చూసి మధ్యలోని ఎండేంజర్డ్ దాటించి రెండు మెట్లు ఎక్కించి, ముప్పు అన్నిటికంటే తీవ్రమని చెప్పే క్రిటికల్లీ ఎండేంజర్డ్‌లో పెట్టారు. అంటే రాత్రికి రాత్రి తగ్గిపోయాయని కాదు, మాంసానికీ చిప్పలకీ ఏరేయడం వల్ల ఫిజీ, గ్వామ్ లాంటి పసిఫిక్ దీవుల్లో ఇవి ఎప్పుడో మాయమయ్యాయి, అయినా కేటగిరీ మాత్రం ఇన్నేళ్లూ పాతదే కనిపిస్తూ వచ్చింది. పదేళ్లు దాటిన అంచనా కనిపిస్తే కాస్త అనుమానంగానే చదవండి.

తర్వాత, ఏ ప్రమాణం కింద ఆ కేటగిరీ ఇచ్చారో అక్షరాల్లో ఉంటుంది. 'ఏ' అంటే తగ్గుదల వేగం: పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే అంత కాలంలో, మామూలుగా 80 శాతం తగ్గితే క్రిటికల్, 50 అయితే ఎండేంజర్డ్, 30 అయితే వల్నరబుల్. 'బీ' అంటే బతికే చోటు చిన్నది, 'డీ' అంటే మిగిలినవే బాగా తక్కువ. సంఖ్యే కాకుండా తగ్గుదల వేగం కూడా చూస్తారు కాబట్టే ఒడిశా తీరానికి లక్షల్లో వచ్చి గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు కూడా వల్నరబుల్‌లో ఉంది, "అన్ని ఉన్నాయిగా" అనే వాదన ఇక్కడ చెల్లదు. డేటా డెఫిషియెంట్ అని ఉంటే క్షేమమని అర్థం కాదు, తేల్చడానికి సరిపడా సమాచారం లేదని.

ఇక చట్టం వేరే లెక్క. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక రెడ్ లిస్ట్‌లో లీస్ట్ కన్సర్న్, అంటే ప్రస్తుతానికి పెద్ద ముప్పు లేదని, అయినా మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1లో ఉంది, వేటాడితే జైలే. ట్రైడాక్నా మాక్సిమా, స్క్వామోసా ఆల్చిప్పలు కూడా అదే షెడ్యూల్‌లో ఉన్నాయి. అండమాన్‌లోనో లక్షద్వీప్‌లోనో అంచు అలలు అలలుగా ఉన్న మందపాటి చిప్ప ఎవరైనా సోప్ డిష్ అని చూపిస్తే కొనకండి, ఒడ్డున దొరికినా బ్యాగులో వేసుకోకండి. విదేశాల నుంచి తేవాలన్నా ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ కింద పర్మిట్ గొడవ ఉంటుంది. ఇంకోటి, 2022 సవరణతో షెడ్యూళ్లు ఆరు నుంచి నాలుగయ్యాయి, కాబట్టి నెట్‌లో దొరికే పాత పీడీఎఫ్ పట్టుకుని వెతక్కండి.